జాతి ఒకటి, వ్యక్తులెందరు?

గత విద్యాసంవత్సరం చివరి రోజులలో ఒక మధ్యాహ్నం మా కంప్యూటర్ శాఖ మిత్రులొకరు అధ్యాపకుల గదికి వచ్చి మమ్మల్ని ఒక చిన్న సాయం అడిగినారు. ప్రోగ్రామింగులో 'క్లాసు' అనీ, 'ఇన్‌స్టెన్స్' అనీ రెండు మాటలున్నవి. తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో పదవ తరగతి దాకా చదివి వచ్చిన మన పిల్లలకు క్లాసు అనగానే గంట కొడితే మొదలై గంట కొడితే ముగిసేది మాత్రమే గుర్తుకు వస్తున్నది. ఈ మాటలకు మన భాషలలో ఏదైనా దారి చూపగలరా అని వారి కోరిక. దానితోపాటు ఆళ్లగడ్డ నుండి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థి ప్రయోగశాలలో అడిగిన ప్రశ్నను కూడ వారు మాకు వినిపించినారు. "ఒక క్లాసుకు ఇన్ని ఆబ్జెక్టులే పుట్టవలెనని కట్టడి ఎందుకు సార్? ఎక్కువ పుట్టించకుండా మనమే జాగ్రత్తగా ఉంటే చాలదా?"

మేము తెలుగు చెప్పుకొని బ్రదికేవారము. యంత్రాల శాస్త్రంలో మాకు అధికారం లేదు. అయినను ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అది కంప్యూటరుకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదనీ, రిజిస్టర్లు వ్రాసే గుమాస్తా మొదలుకొని చట్టాలు చేసే పార్లమెంటు వరకు అందరూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అనీ మాకు తోచినది. అందుచేత ఈ సంచికలో మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ముందు మాటల అర్థం చూద్దాము. ఆళ్లగడ్డ శిల్పుల పనిని చూడనివారు మనలో అరుదు. శిల్పి రాతిమీద ఉలి పెట్టకముందే అతని వద్ద ఒక కొలతల పద్ధతి ఉంటుంది. ముఖం ఇంత, మొండెం ఇంత, మోకాలు ఇక్కడ, పాదం ఇక్కడ అనే ఆ లెక్కకు తాళమానమని పేరు. ఆ లెక్కకు బరువు లేదు, దానిని ఎవరూ బండికెత్తి తీసుకొనిపోలేరు. కాని ఆ లెక్క ప్రకారం చెక్కిన విగ్రహాలు ఊరూరికీ పోతున్నవి. లెక్క క్లాసు, దాని ప్రకారం రాతిలో నిలిచిన ఒక్కొక్క విగ్రహం ఒక్కొక్క ఇన్‌స్టెన్స్. దానినే ఆబ్జెక్టు అని కూడ అంటారు. లెక్కను విగ్రహంగా మార్చే ఆ చెక్కుడు పనికి ప్రోగ్రామింగులో 'కన్‌స్ట్రక్టర్' అని పేరు. 1960ల దశకంలో నార్వే దేశంలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 'సిమ్యులా' అనే భాషను నిర్మించి, క్లాసు, ఆబ్జెక్టు అనే ఈ ఆలోచనను కంప్యూటరు లోకానికి పరిచయం చేసినారు. తరువాత వచ్చిన సి ప్లస్ ప్లస్, జావా వంటి భాషలన్నీ ఆ దారిన నడిచినవే.

కొలత తెలిసిన చేయి ఉంటే విగ్రహాలు ఎన్నైనా పుట్టవచ్చును. అది శిల్పకళకు మేలే. ఒకే కొలతతో పది ఊళ్లకు పది విగ్రహాలు పోతే నష్టపోయేవారెవరూ లేరు. మరి అన్ని విషయాలలోను ఇంతేనా? కాదని మాకు అనుభవం నేర్పినది.

ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో మేము వేరొక ఊరి కళాశాలలో పనిచేసినాము. ఆ ఊరి పేరు, కళాశాల పేరు ఇక్కడ అనవసరం. అడ్మిషన్ల కాలంలో విద్యార్థుల వరుస చాలా పొడుగైనదని, వారి సౌకర్యం కోసం రెండవ గదిలో రెండవ కౌంటరు తెరిచినారు. ఆలోచన మంచిదే. అయితే ప్రతి కౌంటరుకూ ఒక రిజిస్టరు కావలెను గదా. రెండవ గదిలోని గుమాస్తా కొత్త రిజిస్టరు తెరిచి, మొదటి గదిలో ఏ సంఖ్యతో మొదలుపెట్టినారో అదే సంఖ్యతో తానూ మొదలుపెట్టినాడు. ఆ సాయంత్రానికి ఒకే అడ్మిషన్ నంబరుతో ఇద్దరేసి విద్యార్థులు తయారైనారు. కొన్ని నెలలకు ఆటో నడుపుకొనే ఒకాయన కుమార్తె ఉపకారవేతనం దరఖాస్తు ఆ నంబరు వేరొకరి పేరుమీద ఉన్నదనే కారణంతో వెనుకకు వచ్చినది. ఆ అమ్మాయి కాగితాల కట్ట పట్టుకొని ఈ గదికీ ఆ గదికీ తిరుగుతుండగా ఫీజు గడువు దాటిపోయినది. తండ్రి అప్పు చేసి కట్టినాడు. తప్పును సరిదిద్దిన మాట నిజమే గాని, ఆ అప్పుకు కట్టిన వడ్డీని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటున్నది. ఆ గుమాస్తాలిద్దరూ నిజాయితీపరులు. ఇద్దరూ జాగ్రత్తగానే వ్రాసినారు. ఎవరి పుస్తకంలో వారు చూసుకొంటే ఒక్క తప్పు కూడ లేదు. తప్పు రెండు పుస్తకాలు ఉండడంలోనే ఉన్నది. కనుక "మనమే జాగ్రత్తగా ఉంటే చాలదా" అన్న ఆ విద్యార్థికి మొదటి జవాబు ఇక్కడే దొరుకుతున్నది. చాలదు. జాగ్రత్త అనేది ఎవరికి వారు తమ కంటికి కనిపించినంత మేర పాటించేది. రెండవ రిజిస్టరు పుట్టినదన్న సంగతి మొదటి గది కంటికి కనిపించదు. రెండవది పుట్టకుండ ఉండవలెనంటే ఆ కట్టడి పుట్టుక జరిగే చోటనే ఉండవలెను.

అయితే అన్నింటినీ కట్టడి చేయవలసిందేనా? ఏది ఒక్కటిగా ఉండవలెనో, ఏది అనుకోకుండా ఒక్కటిగా ఉన్నదో ముందు తెలుసుకోవద్దా? ఈ విచారణను మన పెద్దలు ఎన్నడో చేసినారు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే ఈ కళాశాల విద్యార్థులకు ఆ రెండు వారసత్వాలూ అందుబాటులో ఉన్నవి.

తర్కశాస్త్రంలో 'జాతి', 'వ్యక్తి' అనే మాటలున్నవి. ఆవులన్నింటిలోను ఉండే గోత్వం జాతి. మన ఇంటి ముందు కట్టివేసిన ఆవు వ్యక్తి. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో జాతిని నిర్వచిస్తూ, అది నిత్యమైనది, ఒక్కటిగా ఉండి అనేక వ్యక్తులలో వ్యాపించి ఉండేది అన్నాడు. ఆ 'అనేక' అన్న మాట ఊరక వేసినది కాదు. అంతకు కొన్ని శతాబ్దాల ముందే ఉదయనాచార్యుడు కిరణావళిలో ఏది జాతి కాజాలదో చెప్పుతూ ఆరు అడ్డంకులను లెక్కించినాడు. వాటిలో మొదటిది వ్యక్తి ఒక్కటే కావడం. ఆకాశం ఒక్కటే గనుక ఆకాశత్వాన్ని జాతిగా నైయాయికులు ఒప్పుకోరు. ఒక్కదాని కోసం ఒక జాతిని కల్పించడం ఎందుకని వారి ఆక్షేపణ. నేటి ప్రోగ్రామర్లలో కొందరు 'ఒక్క ఆబ్జెక్టు కోసం ఒక క్లాసు ఎందుకు' అని సరిగా ఇదే ప్రశ్న వేస్తున్నారు.

ఇక మదరసాలలో చెప్పే 'మంతిఖ్' సంగతి చూద్దాము. పదమూడవ శతాబ్దపు పండితుడు నజ్ముద్దీన్ కాతిబీ వ్రాసిన 'రిసాలా షమ్సియ్యా', దానిపై ఖుత్బుద్దీన్ రాజీ వ్రాసిన వ్యాఖ్యానం 'ఖుత్బీ' మన దేశంలో దర్సె నిజామీ పాఠ్యక్రమంలో తరతరాలుగా చదువుకొన్న గ్రంథాలు. అందులో 'కుల్లీ', అనగా సామాన్యాన్ని, దాని కింద ఉండే వ్యక్తుల సంఖ్యను బట్టి విభజించినారు. వ్యక్తి ఉండడానికే వీలులేనిది ఒకటి. ఉండడానికి వీలున్నా ఒక్కటీ కనిపించనిది మరొకటి. దానికి 'అన్ఖా' పక్షి ఉదాహరణ. ఒక్క వ్యక్తే ఉన్నది గాని మరొకటి ఉండడంలో అసంభవమేమీ లేనిది ఇంకొకటి. దానికి వారిచ్చిన ఉదాహరణ సూర్యుడు. ఒక్క వ్యక్తే ఉండి రెండవది ఉండడమే అసంభవమైనది వేరొకటి, అది సృష్టికర్త. అనేకములైనవి ఆ తరువాత వస్తవి. అవి లెక్కకు అందేవి, అందనివి అని రెండు విధాలు.

సూర్యుని విషయంలో ఆ పండితుల సూక్ష్మదృష్టి మెచ్చుకోదగినది. వారి కంటికి సూర్యుడు ఒక్కడే కనిపించినాడు. అయినను 'సూర్యుడు' అన్న భావంలో ఒక్కడే ఉండవలెనన్న నియమం లేదని వారు గుర్తించినారు. రాత్రి ఆకాశంలో మెరిసే నక్షత్రాలు కూడ సూర్యులేనని ఈనాడు మనకు తెలుసు. భావాన్ని మార్చవలసిన పని రాలేదు, వ్యక్తుల సంఖ్య మాత్రమే పెరిగినది.

ఈ రెండింటికీ తోడు మేము మూడవ రకాన్ని కూడ చేర్చుకొంటున్నాము. కొన్ని స్వభావం చేత ఒక్కటి కావు, యాదృచ్ఛికంగానూ ఒక్కటి కావు. మనము ఏర్పాటు చేసుకొన్నందువల్ల ఒక్కటి. మన రాష్ట్రపతి పదవి అట్టిది. 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు మరణించగా, ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి గారు ఆ బాధ్యతను తాత్కాలికంగా వహించినారు. ఆ యేడే లోక్‌సభ ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకు పోగా, మన నంద్యాల ఒక్కటే జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారిని గెలిపించినది. ఆయన మొదట లోక్‌సభ స్పీకరై, తరువాత పోటీ లేకుండ రాష్ట్రపతిగా ఎన్నికై, జూలై 25న ప్రమాణస్వీకారం చేసినారు. వ్యక్తులు మారినారు, పదవి మాత్రం ఏ క్షణంలోను రెండు కాలేదు, శూన్యమూ కాలేదు. రాజ్యాంగం ఆ కట్టడిని పదవి పుట్టుకలోనే పెట్టినది. రాష్ట్రపతి కాదలచినవారి మంచితనానికి వదలిపెట్టలేదు.

ప్రోగ్రామరు చేసే పని కూడ ఇదే. 1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ అనే నలుగురు కలసి 'డిజైన్ పాటర్న్స్' అనే పుస్తకంలో 23 నమూనాలను క్రోడీకరించినారు. అందులో 'సింగిల్టన్' ఒకటి. ఒక క్లాసుకు ఒక్క ఇన్‌స్టెన్స్ మాత్రమే ఉండేటట్లు చూడడం, అది అందరికీ అందే ఒక దారిని ఏర్పరచడం దాని లక్షణం. పద్ధతి కష్టమైనది కాదు. కన్‌స్ట్రక్టర్‌ను 'ప్రైవేట్' చేసి బయటివారెవరూ దానిని పిలవకుండ తలుపు మూసివేస్తారు. లోపల ఒక ద్వారపాలకుని వంటి ఫంక్షనును నిలబెడతారు. ఎవరడిగినా ఆ ఫంక్షను ముందుగా 'ఇదివరకే పుట్టినదా' అని చూస్తుంది. పుట్టియుంటే దానినే ఇస్తుంది. లేకుంటే అప్పుడు పుట్టించి ఇస్తుంది. ఒక్కటి కాక ఐదో పదో కావలెనంటే లోపల ఒక లెక్కను ఉంచి, ఒక్కొక్కటి పుట్టినపుడు లెక్కను పెంచి, హద్దుకు చేరగానే ఆపివేస్తారు. సంఖ్య తెలిసి కట్టిన సముదాయాలు మనకు కొత్త కాదు. నంద్యాల చుట్టూ ఉన్న నందులు తొమ్మిది, ఆళ్లగడ్డ దాటి పోతే అహోబిలంలోని నరసింహ క్షేత్రాలు తొమ్మిది. పదవదానికి అక్కడ చోటు లేదు.

హద్దు దాటి మరొకరు వచ్చి అడిగినప్పుడు ఏమి చెప్పవలెనన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. జవాబులు మూడే. లేదని చెప్పి పంపివేయడం ఒకటి. ఖాళీ అయ్యేదాకా ఉండమనడం రెండవది. ఉన్నదానినే పంచుకోమనడం మూడవది. సింగిల్టన్ మూడవ జవాబు చెప్పుతుంది. డేటాబేసు కనెక్షన్ల వద్ద మొదటి రెండు జవాబులూ వినిపిస్తవి. మై ఎస్.క్యు.ఎల్. అనే డేటాబేసు మనమేమీ మార్చకుంటే ఒకేసారి 151 కనెక్షన్లను అనుమతిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సంఖ్య 100. అవి నిండిన తరువాత వచ్చినవానికి తిరస్కారమే. ఆ అవమానం జరగకుండ ప్రోగ్రామర్లు కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఒక సమూహంగా ఉంచుకొని, ఒకరు వాడి విడిచినదానిని మరొకరికి ఇస్తారు. ఖాళీ లేకుంటే వరుసలో నిలబెడతారు. హద్దు ఎంత అన్నదానితోపాటు, హద్దు దాటినవానికి ఏమి మర్యాద అన్నది కూడ ముందే నిర్ణయించనివాడు సగం పనే చేసినవాడు.

ఇంత చేసినను రెండు ప్రమాదాలు మిగులుతవి. ఒకే క్షణంలో ఇద్దరు వచ్చి 'పుట్టినదా' అని అడిగితే ఇద్దరికీ 'లేదు' అన్న జవాబే దొరకవచ్చును. ఇద్దరూ చెరొకటి పుట్టించవచ్చును. అందుకే ఒకరు లోపల ఉండగా రెండవవారు బయట ఆగేటట్లు గొళ్లెం పెట్టుకోవలసి ఉంటుంది. ఆ గొళ్లెం ఖర్చు తగ్గించుకోవాలని జావాలో ఒక ఉపాయం చాలాకాలం ప్రచారంలో ఉండినది. అది నమ్మదగినది కాదని తేలినది. 2004లో వచ్చిన జావా 5 తరువాతనే, తగిన జాగ్రత్తతో వ్రాస్తే అది సరిగా పనిచేయసాగినది. రెండవ ప్రమాదం ఇంకా లోతైనది. సింగిల్టన్ ఒక్కటే అన్నమాట ఒక్క ప్రోగ్రాము నడుస్తున్నంత మేరకే నిజం. అదే ప్రోగ్రాము రెండు యంత్రాలలో నడిస్తే రెండు 'ఒక్కటి'లు పుడతవి. మా పాత కళాశాలలో జరిగినది ఇదే. ప్రతి గదిలోను రిజిస్టరు ఒక్కటే. గదులే రెండు.

ఇంతవరకు చెప్పినది యంత్రం సంగతి. ఇక మన నంద్యాల, ఆళ్లగడ్డల ఓటర్లు స్వయంగా అనుభవించిన ఒక ఉదాహరణకు వద్దాము. ఒక నియోజకవర్గానికి సభ్యుడు ఒక్కడే. మరి ఒక మనిషి ఎన్ని నియోజకవర్గాలలో అభ్యర్థి కావచ్చును? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996 వరకు దీనికి హద్దే లేదు. 1985 శాసనసభ ఎన్నికలలో ఎన్.టి. రామారావు గారు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడింటిలోను పోటీచేసి మూడింటిలోను గెలిచినారు. హిందూపురం ఉంచుకొని మిగిలిన రెండింటినీ వదలుకొన్నారు.

నంద్యాల కథ ఇంకా పొడుగైనది. 1991లో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు గారు అప్పటికి పార్లమెంటు సభ్యులు కారు. నంద్యాల సభ్యుడు రాజీనామా చేసి ఖాళీ చేసిన స్థానంలో ఉప ఎన్నిక జరిగి, ఆయన సుమారు 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచినారు. 1996 సార్వత్రిక ఎన్నికలలో ఆయన మన నంద్యాలలోను, ఒడిశాలోని బరంపురంలోను పోటీచేసి రెండింటా గెలిచినారు. బరంపురాన్ని ఉంచుకొని నంద్యాలను వదలివేసినారు. దానితో నంద్యాలకు మళ్లీ ఉప ఎన్నిక వచ్చినది. అందులో గెలిచిన భూమా నాగిరెడ్డి గారు అప్పటికి ఆళ్లగడ్డ శాసనసభ్యులు. పార్లమెంటులోను శాసనసభలోను ఒకరే ఉండడానికి రాజ్యాంగం ఒప్పుకోదు గనుక ఆళ్లగడ్డ ఖాళీ అయినది. అక్కడ మరొక ఉప ఎన్నిక జరిగి శోభా నాగిరెడ్డి గారు తొలిసారి శాసనసభకు పోయినారు. బరంపురంలో ఒకరు చేసుకొన్న ఎంపికకు నంద్యాల ఒకసారి, ఆళ్లగడ్డ ఒకసారి తిరిగి వరుసలో నిలబడవలసి వచ్చినది. మేము ఏ నాయకుని గౌరవాన్నీ తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. వారు చేసినది ఆనాటి చట్టం అనుమతించినదే. మా ఫిర్యాదు చట్టపు నిర్మాణం మీద.

ఆ నిర్మాణాన్ని ప్రోగ్రామరు కన్నుతో చూడండి. ఎక్కువ స్థానాలలో గెలిచినవాడు గడువులోగా ఒక్కటి మినహా మిగిలినవి వదలుకోవలెనని, లేకుంటే అన్నీ ఖాళీ అవుతవని చట్టంలోని 70వ సెక్షను చెప్పుతున్నది. ఇది పుట్టిన తరువాత శుభ్రం చేసే పద్ధతి. 1996 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చిన 33వ సెక్షను 7వ ఉపసెక్షను రెండుకు మించి నామినేషన్లను పుట్టుకలోనే అడ్డగించినది. ఇది సరియైన చోటు. కాని సంఖ్య సరియైనదా? ఒకడు ఉంచుకోగలిగినది ఒక్క స్థానమే అయినపుడు, రెండింటికి పోటీ అనుమతించడమంటే ఒకదానిని వదలివేయడాన్ని ముందే అనుమతించడమే గదా! పైగా ఆ రెండు అన్న లెక్క ఏ సభకు ఆ సభకు వేరు. లోక్‌సభకు రెండు, శాసనసభకు రెండు. రెండు గదులలో రెండు రిజిస్టర్లు మళ్లీ ఇక్కడ కనిపిస్తున్నవి. అన్నింటికన్న విచిత్రం ఏమనగా, ఆ సవరణ ముందే ఉండి ఉన్నా నంద్యాల, బరంపురం ఉదంతాన్ని ఆపేది కాదు. అక్కడ ఉన్నది రెండే.

ఒక్కరికి ఒక్క స్థానమే అని మార్చవలెనని ఎన్నికల సంఘం 2004లో ప్రతిపాదించినది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో అదే సూచించినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఇది పార్లమెంటు నిర్ణయించవలసిన విషయమని చెప్పి జోక్యానికి నిరాకరించినది. మా అభిప్రాయం కూడ ఒక్కటే ఉండవలెననే. దీనికి ఎదురు వాదం లేకపోలేదు. పెద్ద నాయకుడు ఒకచోట ఓడితే సభకే నష్టమనీ, గెలుపు ఓటములు అనిశ్చితం గనుక రెండవ ఆశ్రయం ఉండవలెననీ కొందరంటారు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. కాని ఆ ఆశ్రయానికి అయ్యే ఖర్చు ఎవరిది? నాయకునికి రెండవ అవకాశం దొరికిన చోట, ఓటరు వేసిన మొదటి ఓటు వ్యర్థమౌతున్నది. అంత అవసరమైన నాయకుడు 1991లో వచ్చినట్లే ఉప ఎన్నిక ద్వారా రావచ్చును. అప్పుడు కూడ ప్రజలు మళ్లీ ఓటు వేయవలసినదే గాని, అది అరుదైన అవసరం కోసం తెరిచే తలుపు. ప్రతి ఎన్నికలోను ముందుగానే తెరిచి ఉంచిన తలుపు కాదు.

ఇంత గట్టిగా ఒక్కటి అని వాదించిన మేమే ఇప్పుడు రెండవ వైపు కూడ చెప్పవలసి ఉన్నది. లేకుంటే మాట సగమే అవుతుంది. ఒక్కటి అన్న రుచి మరిగిన ప్రోగ్రామరు కనిపించినదానికల్లా సింగిల్టన్ పెట్టడం మొదలుపెడతాడు. ఈనాడు కళాశాలకు ప్రింటరు ఒక్కటే ఉన్నదని ప్రోగ్రాములో ప్రింటరును సింగిల్టన్ చేస్తాడు. రేపు రెండవ ప్రింటరు వస్తే ప్రోగ్రామంతా తిరగ వ్రాయవలెను. అందరికీ అందే ఒకే ఆబ్జెక్టును ఎవరు ఎప్పుడు మార్చినారో తెలియక తప్పు పట్టుకోవడం కష్టమౌతుంది. ఒక భాగాన్ని విడదీసి పరీక్షించడమూ కష్టమౌతుంది. ఆ పుస్తకం వ్రాసిన నలుగురిలో ఒకరైన ఎరిక్ గామాయే 2009లో, పుస్తకాన్ని మళ్లీ వ్రాస్తే సింగిల్టన్‌ను తీసివేస్తామన్న అభిప్రాయం వెలిబుచ్చినారు. సూర్యునికీ రాష్ట్రపతికీ తేడా తెలియకపోవడమే ఈ పొరపాటుకు మూలం. ప్రింటరు ఒక్కటి కావడం సూర్యుని వంటిది. ఈనాటికి ఒక్కటే కనిపించినది, అంతే. అడ్మిషన్ నంబర్ల వరుస ఒక్కటి కావడం రాష్ట్రపతి పదవి వంటిది. రెండైతే ఒక బిడ్డ చదువుకు దెబ్బ.

ఈ మాటనే మనుష్యుల విషయంలో చెప్పుకొంటే ఇంకా బాగా అర్థమౌతుంది. ఒకప్పుడు ఒక వీధిలో డిగ్రీ చదివిన ఆడపిల్ల ఒక్కతే ఉండేది. అది ఆనాటి పరిస్థితి, నియమం కాదు. ఆ పరిస్థితిని నియమమనుకొన్నవారు రెండవ పిల్లను పంపలేదు. ఎవరైనా మనకు హద్దు చూపినపుడు, ఇది ఎందుకు పెట్టిన హద్దు అని మర్యాదగా అడిగే అలవాటు చదువుకొన్నవారికి ఉండవలెను. కారణం చెప్పగలిగిన హద్దును శిరసావహించవలెను. కారణం లేని హద్దు అలవాటు మాత్రమే.

కనుక విద్యార్థులకు మా విన్నపం. వైవాలో సింగిల్టన్ ఎట్లా వ్రాస్తారని అడిగితే అయిదు పంక్తులు అప్పజెప్పి రావడం సులభం. దానితో తృప్తిపడకండి. ఏ క్లాసుకైనా హద్దు పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఒక్కటి కావడం అవసరమా, లేక ఈనాటికి అట్లా కనిపిస్తున్నదా? అవసరమైతే, ఆ కట్టడి పుట్టుక చోటనే ఉన్నదా, లేక వాడేవారి జాగ్రత్తకు వదలివేసినామా? హద్దు దాటి వచ్చినవానికి మనమిచ్చే జవాబు ఏమిటి? ఈ మూడింటికి జవాబు చెప్పగలిగినవాడు ఏ భాషలోనైనా ప్రోగ్రాము వ్రాయగలడు.

కమిటీ పెద్దలకు మా మనవులు రెండు. కంప్యూటర్ కోర్సులలో వచ్చే ముఖ్యమైన మాటలకు తెలుగులోను ఉర్దూలోను వివరణలతో ఒక చిన్న పుస్తకం వేయించండి. జాతి, వ్యక్తి, కుల్లీ, ఫర్ద్ అనే మాటలు మన ఇళ్లలో ఉండగా మన పిల్లలు ఆ భావాలకు పరాయివారు కావలసిన పని లేదు. భాషాశాఖలవారము మేము ఆ పనికి సిద్ధంగా ఉన్నాము. రెండవది, అడ్మిషన్ల కాలంలో కౌంటర్లు ఎన్నైనా తెరవండి. వరుస తగ్గుతుంది, తల్లిదండ్రులు సంతోషిస్తారు. నంబరు మాత్రం ఒక్క చోటనుండే పుట్టనివ్వండి.

ఆ ఆళ్లగడ్డ విద్యార్థికి మేము ఇదంతా చెప్పినాము. అతడు కొంతసేపు ఆలోచించి, "అయితే సార్, జాగ్రత్తగా ఉండడమంటే మనం మరచిపోయినా తప్పు జరగకుండ ముందే ఏర్పాటు చేసుకోవడమా?" అని అడిగినాడు. అంతకంటె బాగా మేము చెప్పలేము.